సిరకు వేడి, పక్కనే నాడి

పాఠకుల ప్రశ్నలు – డాక్టరు జవాబులు

కాళ్ల మీద ఉబ్బిన సిరల (వాడుకలో నరాలు అనే రక్తపు గొట్టాల) గురించి నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పాఠకుల నుంచి కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. మందుల గురించి అడిగినవారు తక్కువే. లేజర్ చేయించుకోవాలా, రేడియో ఫ్రీక్వెన్సీ చేయించుకోవాలా, వేడి పెడితే లోపల ఏమవుతుంది అన్నదే ఎక్కువమంది సందేహం. ఒకే రకంగా ఉన్న ఉత్తరాలను కలిపి ఆరు ప్రశ్నలుగా ఇక్కడ ఇస్తున్నాను. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మిర్యాలగూడలో ఇరవై ఏళ్లుగా టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా పెనం ముందు నిలబడే పని. ఎడమ కాలికి తొడ లోపలి వైపు నుంచి పిక్క దాకా నరాలు తాళ్లలా లేచాయి. సాయంత్రానికి చీలమండ వాస్తుంది, రాత్రిపూట కాలు గుంజుతుంది. డాప్లర్ (రక్తం ఎటు పారుతోందో చూపే స్కాన్) తీసి కవాటాలు పాడయ్యాయన్నారు. ఒక డాక్టరు గారు లేజర్ అన్నారు, ఇంకొకరు రేడియో ఫ్రీక్వెన్సీ మేలన్నారు. లేజర్ పెడితే లోపల మాంసం కాలిపోతుందని మా బావమరిది భయపెడుతున్నాడు. రెండింటిలో ఏది మంచిది?

జవాబు: మీ బావమరిది మాటలో సగం నిజం ఉంది. రెండు పద్ధతుల్లోనూ లోపల ఒకటి కాలవలసిందే. అది సిర గోడ. దాని చుట్టూ ఉన్న కొవ్వు, చర్మం, స్పర్శను మోసే నాడులు కాలకుండా చూడడంలోనే ఈ వైద్యపు నేర్పంతా ఉంది.

మీ రిపోర్టులో గ్రేట్ సెఫనస్ వెయిన్ అని రాసి ఉంటుంది. చీలమండ లోపలి పక్కన బయలుదేరి, మోకాలు దాటి, తొడ మీదుగా గజ్జలోని పెద్ద సిరలో కలిసే పొడవాటి సిర అది. రక్తాన్ని పైకి మాత్రమే పోనిచ్చే కవాటాలు దానిలో ఉంటాయి. అవి సరిగా మూసుకోకపోతే నిలబడినప్పుడు రక్తం కిందికి జారుతుంది. ఆ జారుడు అర సెకనుకు మించితే కవాటం పాడైనట్టు లెక్క. కదలకుండా నిలబడిన మనిషికి చీలమండ దగ్గరి సిరల్లో ఒత్తిడి 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. నడిస్తే పిక్క కండరం సిరలను పిండి రక్తాన్ని పైకి నెడుతుంది కనుక అది మూడో వంతుకో అంతకన్నా కిందికో దిగుతుంది. కవాటాలు పాడైన కాలిలో నడిచినా అంత దిగదు, పెనం ముందు నిలబడ్డ కాలికైతే నడక కూడా లేదు. కాలి రక్తంలో పదింట తొమ్మిది వంతులు లోతైన సిరల గుండానే పైకి వెళుతుంది కాబట్టి, ఆ లోతైన సిరలు బాగున్నాయని డాప్లర్‌లో తేలితే పైనున్న ఈ సిరను మూసివేసినా కాలికి వచ్చే లోటు ఉండదు.

రక్తాన్ని గడ్డకట్టించి సిరను మూస్తారని చాలామంది అనుకుంటారు. గడ్డతో మూసిన సిర నిలవదు. శరీరం కొన్నాళ్లకు ఆ గడ్డను కరిగించుకొని దారి మళ్లీ తెరుస్తుంది. మూత నిలవాలంటే గోడ చావాలి. సిర గోడకు మూడు పొరలుంటాయి: లోపల నున్నటి పలుచని పొర, మధ్యలో కండరమూ కొల్లాజెన్ పోగులూ కలిసిన పొర, బయట చుట్టుకున్న పొర. వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి అందులోని ప్రొటీన్లు గుడ్డులోని తెల్లసొనలా గడ్డకడతాయి, కొల్లాజెన్ పోగులు ముడుచుకుంటాయి. కూరలో మాంసం ముక్క ఉడికేకొద్దీ చిన్నదవుతుంది కదా, అదే సంగతి. 100 డిగ్రీల దగ్గర కణజాలంలోని నీరు ఆవిరవుతుంది. ఇంకా చాలా పైకి పోతే బొగ్గవుతుంది. చికిత్స బాగా జరిగిన సిరలో లోపలి పొర మొత్తం పోయి, మధ్య పొర ఉడికి ముడుచుకొని, బయటి పొర దాదాపు అలాగే ఉంటుంది. తర్వాతి నెలల్లో ఆ ముడుచుకున్న గొట్టం పీచు కట్టి సన్నని దారంలా మారుతుంది, ఏడాది తిరిగేసరికి చాలామందిలో అల్ట్రాసౌండ్‌కు కూడా దొరకదు.

లేజర్‌లో సన్నని గాజు పోగును మోకాలి దగ్గర సిరలోకి దూర్చి గజ్జ దాకా పంపి, కాంతిని వదులుతూ వెనక్కి లాగుతారు. తొలినాటి యంత్రాలు 810, 940, 980 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని ఇచ్చేవి. ఆ కాంతిని ప్రధానంగా రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకునేది. పోగు కొన దగ్గర రక్తం మరిగి మాడి, ఆ మసి కొనకే అంటుకొని, అది తానే కాంతిని పీల్చుకుంటూ వందల డిగ్రీలకు కాలేది. అగరుబత్తి కొన తగిలితే పంచెకు చిల్లు పడినట్టు, కొన తగిలిన చోట సిర గోడకు చిల్లు పడేది, పక్కనే తగలని చోట గోడ పచ్చిగా మిగిలేది. చికిత్స తర్వాత తీసిన సిరలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినవారికి సరిగ్గా ఈ అతుకుల బొంత కనిపించింది. ఆ చిల్లుల గుండా రక్తం చుట్టూ ఊరడం వల్లనే తొడ పొడవునా నల్లగా కమిలేది, నొప్పి కూడా ఎక్కువగా ఉండేది. మీ బావమరిది విన్న కథ బహుశా ఆ కాలం నాటిది.

ఇప్పుడు విరివిగా వాడుతున్న యంత్రాల కాంతి 1470 నానోమీటర్లు. కొన్ని కొత్తవాటిలో 1940 కూడా ఉంది. ఈ కాంతిని నీరు బాగా పీల్చుకుంటుంది, సిర గోడ నిండా ఉన్నది నీరే. పైగా ‘రేడియల్’ అనే పోగులో కాంతి సూదిలా ముందుకు దూకకుండా ఉంగరంలా చుట్టూ పరుచుకుంటుంది. కాబట్టి తక్కువ వాట్లు చాలు, గోడ నాలుగు పక్కలా ఒకే తీరున ఉడుకుతుంది, చిల్లులు అరుదు. ఎంత వేడి పెట్టారన్నది జౌల్స్‌లో లెక్క. 7 వాట్లతో సెంటీమీటరుకు 10 సెకన్ల చొప్పున లాగితే సెంటీమీటరుకు 70 జౌల్స్ అందుతాయి. సాధారణంగా 60 నుంచి 80 మధ్య ఉంచుతారు. ఈ లెక్కలో యంత్రంతో పాటు డాక్టరు చేయి కూడా ఉంది. నెమ్మదిగా లాగితే మాడుతుంది, తొందరపడితే పచ్చిగా మిగులుతుంది. అట్టు తిప్పే వేళ గురించి మీకు నేను చెప్పనక్కరలేదు.

రేడియో ఫ్రీక్వెన్సీలో ఆ చేతి పని తక్కువ. 1999లో అమెరికాలో అనుమతి పొందిన తొలి పరికరం సిర గోడ గుండా విద్యుత్తును పంపి 85 డిగ్రీల దాకా వేడి చేసేది, మెల్లగా లాగుతూ చాలాసేపు చేయవలసి వచ్చేది. నేడు వాడే కెథెటర్ అనే సన్నని గొట్టం కొనన 7 సెంటీమీటర్ల పొడవున తీగచుట్ట ఉంటుంది. రేడియో తరంగాలు వేడి చేసేది ఆ చుట్టనే, చుట్ట తన వేడిని గోడకు అందిస్తుంది. అంటే పేరు ఎంత పెద్దదైనా పని ఇస్త్రీ పెట్టె లాంటిది. చుట్టను 120 డిగ్రీల దగ్గర 20 సెకన్లు ఉంచి, ఆరున్నర సెంటీమీటర్లు కిందికి జరిపి మళ్లీ 20 సెకన్లు ఉంచుతారు. గజ్జ దగ్గరి మొదటి భాగానికి మాత్రం రెండుసార్లు. దానిలోని ఉష్ణమాపకం చూసుకుంటూ యంత్రమే శక్తిని పెంచుతుంది, తగ్గిస్తుంది. 40 సెంటీమీటర్ల సిరకు వేడి పెట్టే సమయం మొత్తం కలిపినా మూడు నిమిషాల లోపే. వేడి 120కి మించదు కాబట్టి గోడ బొగ్గు కాదు, చిల్లు పడడం చాలా అరుదు. సిర మరీ వంకరగా ఉంటే మాత్రం ఏడు సెంటీమీటర్ల ఆ బిరుసు చుట్ట మలుపు తిరగదు, సన్నని లేజర్ పోగు తిరిగే అవకాశం కొంత ఎక్కువ.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాలు ఉన్నాయి. 2009లో వెలువడిన ఒకదానిలో రేడియో ఫ్రీక్వెన్సీ కెథెటర్‌ను 980 నానోమీటర్ల పాత తరహా లేజర్‌తో పోల్చారు. మొదటి రెండు వారాల్లో రేడియో ఫ్రీక్వెన్సీ చేయించుకున్నవారికి నొప్పీ కమిలిపోవడమూ తక్కువ, నెల తిరిగేసరికి తేడా లేదు. 2011లో డెన్మార్క్‌లో 500 మందిని లేజర్, రేడియో ఫ్రీక్వెన్సీ, సిరలోకి మందు నురుగు ఎక్కించే ఇంజెక్షన్, పాత శస్త్రచికిత్స అనే నాలుగు గుంపులుగా పంచి ఏడాది తర్వాత చూస్తే, నురుగు తప్ప మిగిలిన మూడూ సిరను మూయడంలో ఇంచుమించు సమానంగా నిలిచాయి. త్వరగా పనిలోకి వెళ్లగలిగినవారు మాత్రం రేడియో ఫ్రీక్వెన్సీ, నురుగు చేయించుకున్నవారు. గుర్తుంచుకోవలసిన సంగతి ఏమిటంటే, మొదటి అధ్యయనంలోనిది పాత తరంగదైర్ఘ్యపు లేజర్, డెన్మార్క్ దానిలో 980తో పాటు 1470 కూడా వాడినా పోగు మాత్రం రేడియల్ కాదు, పాత తరహాదే. 1470 రేడియల్ పోగు వచ్చాక ఆ నొప్పి తేడా చాలా వరకు చెరిగిపోయింది. అందుకే మీకు నా జవాబు ఇది: పాత లేజర్, కొత్త రేడియో ఫ్రీక్వెన్సీ అయితే రెండోది, రెండూ కొత్తవైతే వాటిలో మీ డాక్టరు ఎక్కువగా చేసేది.

యంత్రం కన్నా ముందు మీరు అడగవలసింది నీళ్ల గురించి. వేడి పెట్టే ముందు, ఉప్పునీటి సెలైన్‌లో కొద్దిగా లిగ్నోకెయిన్, ఎడ్రినలిన్, సోడియం బైకార్బనేట్ కలిపి, అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ సిర చుట్టూ ఎక్కిస్తారు. దీనిని ట్యూమెసెంట్ అంటారు. సెంటీమీటరు సిరకు సుమారు 10 మిల్లీలీటర్లు, మొత్తం మీద 400 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. తొడలో ఈ సిర పలుచని పొరల మధ్య ఒక సన్నని అరలో ఉంటుంది. అడ్డంగా చూస్తే తెర మీద అది కన్ను ఆకారంలో కనిపిస్తుంది, నల్లగుడ్డు స్థానంలో సిర ఉంటుంది. సూది ఆ కంటిలోకి సరిగ్గా దిగి నీరు చేరితే, సిర నలువైపులా నల్లని వలయం పరుచుకొని, మధ్యలో సిర కెథెటర్‌ను కరుచుకున్నట్టు బిగుస్తుంది. ఆ నీరు మూడు పనులు చేస్తుంది. నొప్పి తెలియనివ్వదు, సిరలోని రక్తాన్ని పిండేసి గోడను వేడికి దగ్గర చేస్తుంది, బయటికి వచ్చే వేడిని తాను పీల్చుకొని చర్మాన్నీ నాడినీ కాపాడుతుంది. మీ పెనం మీద గుప్పెడు నీళ్లు చల్లితే క్షణంలో చల్లబడడం మీరు రోజూ చూసేదే. సిరకూ చర్మానికీ మధ్య ఒక సెంటీమీటరైనా ఎడం ఉండేలా నీటితో దూరం చేయాలి. లేకపోతే చర్మం మీద కాలిన మచ్చ పడే ప్రమాదం ఉంది. నొప్పి తెలియకుండా వెన్నుకు మత్తిస్తాం, ఈ సూదులన్నీ ఎందుకు అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వెన్నుకు మత్తిచ్చినా సిర చుట్టూ నీరు ఉండవలసిందే.

కొన్నిచోట్ల 120 డిగ్రీల నీటి ఆవిరిని సన్నని గొట్టం ద్వారా దఫదఫాలుగా పంపే పద్ధతి కూడా ఉంది. ఇడ్లీ పాత్రలో ఇడ్లీ ఉడికినట్టే ఆవిరి తాకి గోడ ఉడుకుతుంది తప్ప మాడదు. వంకర సిరల్లోకి కూడా పోతుంది. మీ సిర నిటారుగా ఉంటే దాని కోసం వెతకనవసరం లేదు.

పిక్క మీద తాళ్లలా కనిపించేవి ఈ పెద్ద సిర కొమ్మలు. అవి చర్మానికి అంటుకొని ఉంటాయి కనుక వాటికి వేడి పెట్టరు. రెండు మూడు మిల్లీమీటర్ల గాట్లతో లాగివేస్తారు, లేదా నురుగు ఎక్కిస్తారు. అదే రోజు చేస్తారా, కొన్ని వారాలు ఆగి మిగిలినవాటికే చేస్తారా అడగండి. ఇంకొకటి: కెథెటరూ పోగూ ఒక్కరికే వాడవలసినవి. సీలు మీ ఎదుటే విప్పమనడంలో మొహమాటం వద్దు.

ప్రశ్న: మాది దేవరకొండ. స్కూలు టీచరుగా పనిచేస్తున్నాను, 39 ఏళ్లు. నాలుగు నెలల కిందట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుడి కాలికి లేజర్ చేయించుకున్నాను. ఉబ్బు పోయింది. కానీ పిక్క సగం నుంచి చీలమండ లోపలి పక్క దాకా మొద్దుబారింది. పట్టీ రాసుకుంటున్నా తెలియడం లేదు. అడిగితే, నరం కాల్చాం కదమ్మా, అలాగే ఉంటుంది అన్నారు. ఇది నిజమేనా?

జవాబు: వారి మాటకు కారణం మన భాషలోనే ఉంది. రక్తం పారే గొట్టాన్నీ నరం అంటాం, స్పర్శను మోసే తీగనూ నరమే అంటాం. వారు కాల్చదలచుకున్నది మొదటిది, అంటే సిర. మీకు మొద్దుబారినది రెండోదాని వల్ల, అంటే నాడి వల్ల. సిర కాలితే మొద్దుబారదు. కాబట్టి అలాగే ఉంటుందని సరిపెట్టుకోనక్కరలేదు, అలాగని బెంబేలు పడవలసిన పని కూడా లేదు.

తొడలో పెద్ద సిరకు పక్కన ముఖ్యమైన నాడి దగ్గరగా లేదు. మోకాలు దిగాక సెఫనస్ నాడి వచ్చి సిరను ఆనుకొని, చీలమండ దాకా జంటగా నడుస్తుంది. కింది సగంలోనైతే రెండింటినీ విడదీయడం నీటితో కూడా కష్టం. సిర గోడను ఉడికించడానికి కావలసిన వేడిలో చిన్న పాలు అందినా నాడి దెబ్బతింటుంది. అందుకే మామూలుగా వేడిని మోకాలి దగ్గరో, దానికి కాస్త కిందనో ఆపుతారు. చీలమండ దాకా సిర లీకవుతూ, అక్కడ చర్మం నల్లబడ్డవారికి కొన్నిసార్లు కిందికి కూడా పోవలసి వస్తుంది. మీ విషయంలో ఎంత వరకు పెట్టారో డిశ్చార్జి కాగితంలో సెంటీమీటర్లలో ఉండాలి, చూడండి. మోకాలి వెనుక నుంచి పిక్క మధ్యగా దిగే చిన్న సెఫనస్ సిర సంగతి కూడా ఇలాంటిదే. దాని పక్కన సూరల్ నాడి ఉంటుంది, అది దెబ్బతింటే మొద్దుబారేది పాదం బయటి అంచు.

సెఫనస్ నాడి స్పర్శకు మాత్రమే. కండరాలను కదిలించే పని దానికి లేదు, కనుక మీ నడకకు ఢోకా లేదు. పాదం పైకి ఎత్తలేకపోవడమో, మునివేళ్ల మీద లేవలేకపోవడమో ఉంటే అది వేరే నాడి సంగతి, వెంటనే చూపించుకోవాలి. వేడి తగిలిన నాడి చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో కోలుకుంటుంది, కొద్దిమందిలో ఒక చిన్న మేర మొద్దుగానే మిగులుతుంది. మొద్దుబారిన చోటి పైఅంచున వేలితో తట్టి చూడండి. కిందికి కరెంటు పాకినట్టు జిల్లుమంటే నాడి మళ్లీ పెరుగుతోందన్న సూచన, ఆ జిల్లుమనే చోటు నెలనెలా చీలమండ వైపు జరుగుతుంటే ఇంకా మంచిది. అందాక పెన్నుతో చుట్టూ గీత గీసి నెలకొకసారి ఫోటో తీసి పెట్టుకోండి. ఆ చోట వేడినీళ్ల కాపడం పెట్టకండి. మోటారు సైకిలు వెనుక కూర్చున్నప్పుడు సైలెన్సర్ ఉండేది కుడి వైపే. కాలినా మీకు తెలియదు.

ప్రశ్న: అచ్చంపేట నుంచి రాస్తున్నాను. రేడియో ఫ్రీక్వెన్సీ చేయించుకొని ఎనిమిది రోజులైంది. మొదటి మూడు రోజులు హాయిగా ఉంది. ఇప్పుడు తొడ లోపలి పక్క తాడు బిగించినట్టు లాగుతోంది, తడిమితే గట్టిగా తగులుతోంది. ఏదైనా తప్పు జరిగిందా?

జవాబు: తడిమితే తగులుతున్నది ఉడికి ముడుచుకున్న మీ సిరే. చచ్చిన గోడను శుభ్రం చేయడానికి శరీరం పంపిన కణాలు అక్కడ చేరి వాపు తెస్తాయి, ఆ పని ఊపందుకునేది సరిగ్గా మొదటి వారం చివరనే. నడుస్తూ ఉండండి, బిగుతు మేజోడు వేసుకోండి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు లాంటివి లేకపోతే మీ డాక్టరు రాసిన నొప్పి మాత్ర వాడండి. రెండు మూడు వారాల్లో సద్దుమణుగుతుంది. పిక్క మొత్తం బిగిసి వాచినా, ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినా మాత్రం ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి. వేడి పెట్టిన చోట కట్టిన గడ్డ గజ్జ దగ్గర లోపలి పెద్ద సిరలోకి పొడుచుకు రావడం అరుదుగా జరుగుతుంది. దాని కోసమే కెథెటర్ కొనను ఆ కలయికకు కనీసం 2 సెంటీమీటర్ల దూరంలో ఆపి వేడి పెడతారు, వారం రోజులకు మళ్లీ డాప్లర్ తీస్తారు. ఆ డాప్లర్ ఇంకా తీయకపోతే తీయించుకోండి.

ప్రశ్న: మాది గద్వాల దగ్గరి పల్లె. మా నాయనకు 64 ఏళ్లు, వ్యవసాయం. కాలు మీద నరాలు ఉబ్బి ఇరవై ఏళ్లు, చీలమండ పైన లోపలి పక్క పుండు పడి ఏడాదిన్నర అయింది. పసరు కట్లు కట్టించాం, ఇప్పుడు డ్రెస్సింగ్ చేయిస్తున్నాం. పుండు పూర్తిగా మానిన తర్వాతనే లేజర్ చేయాలని ఒకచోట చెప్పారు. అంతవరకు ఆగాలా?

జవాబు: ఆగనవసరం లేదు. పుండు ఉన్నప్పుడు సిర జోలికి పోకూడదన్నది పాత అలవాటు. బ్రిటన్‌లో 450 మంది మీద జరిపి 2018లో వెలువరించిన అధ్యయనంలో, కట్టుతో పాటు రెండు వారాల లోపే సిరను మూసివేసినవారికి పుండు మానడానికి పట్టిన మధ్యస్థ కాలం 56 రోజులు, పుండు మానాకనో ఆరు నెలల తర్వాతనో చేసినవారికి 82 రోజులు. దీనికి కారణం తేలికగానే అర్థమవుతుంది. పుండుకు మూలం పైనుంచి జారే రక్తపు ఒత్తిడి. ఆ ఒత్తిడి అలాగే ఉంచి పైన ఎంత మంచి మందు వేసినా పొలంలో గండి పూడ్చకుండా నీళ్లు తోడినట్టే. వేడి పెట్టేది తొడలో, పుండుకు దూరంగా. కాబట్టి పుండులోంచి కెథెటర్ పోదు. పుండు కింద లీకయ్యే చిన్న సిరలకు అవసరమైతే నురుగు వాడతారు.

అయితే లేజర్ కన్నా ముందు రెండు పరీక్షలు. మొదటిది షుగరు. రెండోది పాదానికి రక్తం తెచ్చే ధమనులు బాగున్నాయా అన్నది. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చి అది చెబుతారు. ముఖ్యంగా బీడీ తాగే అలవాటు ఉంటే ఇది తప్పనిసరి. ధమని సన్నబడిన కాలికి బిగుతు కట్టు కడితే వేళ్లకు రక్తం అందక నల్లబడే ప్రమాదం ఉంది. ధమనులు బాగున్నాయని తేలితే, వేళ్ల మొదలు నుంచి మోకాలి కింద దాకా పొరలు పొరలుగా కట్టే కట్టు పుండు మానే దాకా కొనసాగాలి. సిర మూశాం కదా అని దాన్ని తీసేయకూడదు. పసరు కట్లు ఇక కట్టించకండి. ఏళ్ల తరబడి పుండు అంచున ఉన్న చర్మానికి వాటితో దురద, చీము పట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను. పుండు అంచు ఉబ్బి కాలిఫ్లవర్‌లా పెరుగుతుంటే ఒక చిన్న ముక్క తీసి పరీక్షకు పంపమని అడగండి.

ప్రశ్న: మాది మర్రిగూడ వైపు. మా అమ్మకు 62 ఏళ్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి. మోకాళ్లు, నడుము బిగిసిపోయాయి. రెండు కాళ్లకూ నరాలు తేలాయి. నరాలకు వేడి పెట్టిస్తే నొప్పులన్నీ పోతాయని తెలిసినవాళ్లు చెబుతున్నారు. చేయించమంటారా?

జవాబు: నొప్పులన్నీ పోతాయని చెప్పి ఎవరైనా మీ అమ్మగారిని బల్ల ఎక్కిస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే. సిరల బాధ సాయంత్రానికి పెరుగుతుంది. బరువు, గుంజు, చీలమండ వాపు ఉంటాయి, పడుకొని కాలు దిండు మీద పెడితే అరగంటలో తేలికపడుతుంది. ఎముకలూ కీళ్లూ బిగిసిన నొప్పి పొద్దున లేవగానే ఎక్కువ, కూర్చుని లేచేటప్పుడు ఎక్కువ, కాలు ఎత్తిపెట్టినా తగ్గదు. మీ ప్రాంతంలో ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం నేను తరచూ చూస్తున్నాను. ఏ నొప్పి దేనిదో తేల్చడానికి సులువైన దారి ఉంది: డాక్టరు చేత ధమనులు చూపించాక, మోకాలి కింది దాకా వచ్చే క్లాస్ 2 (అది బిగుతు స్థాయి) బిగుతు మేజోడును మూడు వారాలు పొద్దున లేవగానే తొడిగించండి. దానితో తగ్గిన బాధ ఎంతో, వేడి చికిత్సతో తగ్గేది కూడా ఇంచుమించు అంతే. తగ్గకపోతే ఆ నొప్పికి లేజర్ చేసేదేమీ లేదు.

ఫ్లోరోసిస్‌కూ సిరలకూ ఒక చుట్టరికం మాత్రం ఉంది. పిక్క కండరం పిండాలంటే చీలమండ ఆడాలి. కీళ్లు బిగిసి అడుగు ఈడ్చే మనిషిలో ఆ పంపు సగమే పనిచేస్తుంది, కనుక సిరను మూసినా కొంత వాపు మిగిలే వీలుంది. చికిత్స చేయించినా, చేయించకపోయినా, కూర్చున్నచోటే పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం గంటకు ఇరవైసార్లు అలవాటు చేయండి. వెన్ను బిగిసినవారికి వెన్నులో మత్తు సూది దింపడం కూడా కష్టం. సిర చుట్టూ నీరు ఎక్కించి, అంతవరకే తిమ్మిరి చేసి పని ముగించగల డాక్టరు అయితే అసలు వెన్ను జోలికి పోనక్కరలేదు. రెండు కాళ్లూ ఒకేసారి కాకుండా, ఎక్కువ బాధ ఉన్న కాలు ముందు.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో బస్సు కండక్టరుగా చేస్తున్నాను. వేడి లేకుండా జిగురుతో సిరను అంటించే పద్ధతి వచ్చిందట కదా. నాడి దెబ్బ ఉండదంటున్నారు. అదే చేయించుకోవచ్చా?

జవాబు: సయనోఎక్రిలేట్ అనే జిగురు అది. వేడి లేదు గనుక చుట్టూ నీరు ఎక్కించనక్కరలేదు, నాడి కాలే భయం లేదు. సిరను మూయడంలో రేడియో ఫ్రీక్వెన్సీకి ఏమంత తీసిపోదు. కానీ ఆ జిగురు లోపల ఉండిపోతుంది. కొందరిలో తొడ పొడవునా ఎర్రగా కందిపోయి దురద పెట్టే అలర్జీ వస్తుంది, ఎప్పుడైనా జిగురును తీయవలసి వస్తే కోసి తీయడమే. మోకాలి కింది దాకా సిరను మూయవలసినవారికి, సూదులకు బాగా భయపడేవారికి నేను దానిని సూచిస్తాను. తొడలో నిటారు సిర ఉన్నవారికి వేడి పద్ధతే ముందు చెబుతాను. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు కూడా 2013లో లేజర్ లేదా రేడియో ఫ్రీక్వెన్సీని ముందు, అది కుదరకపోతే నురుగును, అదీ కుదరకపోతే కోతను పెట్టాయి. మీరు పంపిన డాప్లర్ రిపోర్టులో సిర వెడల్పు ఒక్కటే ఉంది. నిలబెట్టి పరీక్షించారో, పడుకోబెట్టి పరీక్షించారో, రక్తం ఎన్ని సెకన్లు వెనక్కి జారిందో రాయలేదు. జిగురో వేడో తేల్చుకునే ముందు ఆ పరీక్షను నిలబడి మళ్లీ చేయించుకోండి.